పండుగ పళ్లెములో చేదు

తెలుగు పంచాంగమునందు పండుగలకును రోగములకును ఋతువు ఒక్కటే. ఆషాఢపు జల్లులతో బోనములు మొదలగును; ఆ జల్లులతోడనే బావులలోనికిని చెరువులలోనికిని మురికినీరు చేరును. భాద్రపదమున వినాయకచవితి వచ్చును. దోమలును అప్పుడే పెరుగును. ఆశ్వయుజమున బతుకమ్మ, దసరా. కార్తికమున చలి, దగ్గు, పడిసెము. రోగము వచ్చు కాలమును చూచియే పూర్వులు పండుగలను నిర్ణయించిరని కొందరు వాదింతురు. అది నిరూపింపదగిన మాట కాదు. పంటల లెక్క, చంద్రుని లెక్క, దేవతల కథలు అన్నియు కలిసి పండుగలను ఏర్పరచినవి. అయినను ఆ కాలములో బ్రతుకవలసినవారు గనుక, రోగమును తప్పించుకొను ఉపాయములను మనవారు పండుగలోనే కొంత ఇమిడ్చిరి. ఆ ఉపాయములలో పనిచేసినవి యేవి, పనిచేయనివి యేవి, మన చేతులలో జారిపోయినవి యేవి అను విషయమును ఈ ప్రసంగములో విచారింతము.

ఇందులకు హైదరాబాదు నగరపు పడమటి దిక్కున నున్న జూబిలీహిల్సు మంచి తావు. ఆ గుట్టలమీద పెద్దమ్మతల్లి గుడి కలదు. ఒకప్పుడు గుడిచుట్టును రాతి బండలు, సీతాఫలపు పొదలు, తంగేడు చెట్లు ఉండెడివి. తరువాత గుట్టలు వీధులైనవి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ 1970, 1980 దశాబ్దములలో మెల్లమెల్లగా మదరాసును విడిచి ఈ ప్రాంతమునకు చేరినది. 1976లో బంజారాహిల్సునందు అన్నపూర్ణా స్టూడియో వెలసినది, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలును వచ్చినవి, ఫిలింనగరు పెరిగినది. ఆషాఢపు ఆదివారములందు ఆ వీధులలో తలపై బోనపు కుండ, కుండచుట్టు వేపమండలు, కాళ్ళకు పసుపుతో స్త్రీలు నడతురు. ఆ వీధులలోనే, తలుపులు మూసిన చల్లని గదులలో, పండుగకు విడుదల కావలసిన చిత్రమునకు కూర్పుపనియు ధ్వనిపనియు రాత్రింబవళ్ళు సాగుచుండును. చలనచిత్రములవారికి దసరాయును సంక్రాంతియును సెలవులు కావు, గడువులు. దీపాలు మోయువారు, రంగులు పూయువారు, గుంపులో నిలుచువారు, అందరును పండుగ దగ్గరపడిన కొలది నిద్ర తగ్గించుకొందురు, తేనీరు పెంచుకొందురు. వారికిని ఒక గుమ్మడికాయ పండుగ కలదు. చిత్రీకరణ మొదలగునాడు కొబ్బరికాయ, ముగియునాడు గుమ్మడికాయ కొట్టుట వారి ఆచారము. ఆ బూడిదగుమ్మడికాయయే ఆయుర్వేదమున కూష్మాండ లేహ్యమగును. మన ఇండ్లలో వడియములగును. దారిలో పగిలినది మాత్రము బండ్లు జారుటకు తప్ప వేరొకందులకు పనికిరాదు.

ఇక బోనపు కుండచుట్టు కట్టిన వేపమండను గూర్చి. బోనమనగా భోజనమే. పాలు, బెల్లము వేసి వండిన అన్నమో, పెరుగన్నమో కుండలో పెట్టి అమ్మవారికి నివేదింతురు. సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి గుడి కథ వినని నగరవాసి లేడు. పటాలములో డోలీ మోయు సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీయై పోయెననియు, అప్పుడు ఇచ్చట గత్తర సోకి జనము రాలిపోవుచుండగా, అది తగ్గినచో అమ్మవారిని సికిందరాబాదున ప్రతిష్ఠింతునని అక్కడ మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి కొయ్యవిగ్రహమును నిలిపెననియు సంప్రదాయము చెప్పును. గత్తర యన్నది కలరాకు తెలంగాణపు పేరు. చరిత్రకారులు ప్రపంచవ్యాప్తమైన మొదటి కలరాను 1817లో వంగదేశపు జెస్సూరు ప్రాంతమునుండి లెక్కింతురు. అయితే మన దేశములో అంతకుముందును ఆ రోగము లేకపోలేదు. కథలోని సంవత్సరమును గూర్చి మేము తగవులాడము. ఉదయము ఆరోగ్యముగా నుండిన మనుష్యుడు ప్రొద్దు గ్రుంకులోపల ఎండిపోయి ప్రాణము విడుచు రోగమెదుట ఆనాటివారికి చేతనున్నవి ఏవి? వేపాకు, పసుపు, ఊరుమ్మడిగా వాకిళ్ళు ఊడ్చి కడుగుట, అమ్మవారు. వారు ఆ నాలుగింటిని కలిపి ఒక పండుగ చేసిరి.

వేప ఊరక చేదైన చెట్టు కాదు. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అను రసాయనశాస్త్రవేత్త వేపనూనెనుండి నింబిన్ మొదలగు చేదు పదార్థములను వేరుచేసి చూపెను. పురుగులను పారద్రోలు గుణము, కొన్ని సూక్ష్మజీవులను అణచు గుణము వేపయందు ఉన్నవని ప్రయోగశాలలు చెప్పినవి. అయినను గుమ్మమునకు కట్టిన మండ గత్తరను ఆపలేదు. గత్తర గాలిలో రాదు, గుమ్మముగుండ రాదు, త్రాగు నీటిలో వచ్చును. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధి నీటిపంపు చుట్టుపట్లనే చావులు గుమిగూడి యుండుటను గమనించి, ఆ పంపు పిడిని తీయించెను. 1884లో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో ఈ రోగపు సూక్ష్మజీవిని చెరువు నీటిలోనే చూచెను.

హైదరాబాదునకు మంచినీరు ఒక విపత్తువలన వచ్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినది. వరదలను అరికట్టు ఉపాయము చెప్పుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి ఆలోచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదకు కట్టిన ఆ కట్టలే నగరమునకు త్రాగునీటి భాండారములైనవి. ఆసిఫ్‌నగరులోని వడపోత మడుగులలో తేరిన నీరు గొట్టములలో ఇండ్లకు పారినది. ఆ గొట్టపు నీటికి గుడి లేదు, జాతర లేదు. అయినను గత్తర భయమును నగరమునుండి తరిమిన ఘనతలో పెద్దపాలు దానికే చెందవలెనని మా అభిప్రాయము.

ఇంటి వైద్యము అంతయు ఓడిపోయినదని మాత్రము తలపరాదు. వేపమండ చేయలేని పని ఒకటి గంజి చేసినది. 1971లో తూర్పు బంగాళమునుండి శరణార్థులు లక్షలుగా వచ్చినపుడు సరిహద్దునందలి బన్‌గావ్‌లో కలరా చెలరేగెను. నరములకెక్కించు ఉప్పునీరు అయిపోయినది. వైద్యుడు దిలీప్ మహలనోబిస్ ఉప్పును, గ్లూకోజును, వంటసోడాను కొలతప్రకారము నీటిలో కలిపి, రోగుల బంధువులచేతనే గ్రుక్కగ్రుక్కగా త్రాగింపజేసెను. నూటికి 30 వరకు నుండిన చావులు 4కు లోపలికి దిగినవి. పిమ్మట జరిగిన పరిశోధనలలో బియ్యపుపిండితో కాచిన ఉప్పుగంజియు ఇట్లే పనిచేయునని తేలినది. పండుగ భోజనముల పిమ్మట విరేచనములు పట్టుకొన్న ఇంటిలో ఇప్పటికిని మొదటి మందు ఇదియే. మరగించి చల్లార్చిన లీటరు నీటికి చదునుగా 6 చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు. పొట్లము దొరికిన పొట్లమే మేలు. శ్రీరామనవమి పానకము వేసవి దాహమునకు హాయియే గాని, ఉప్పు లేని ఆ తీపి విరేచనములకు మందు కాదు. మిక్కిలి తియ్యనైనచో రోగమును పెంచును. కన్నులు గుంటలుపడి, మూత్రము తగ్గి, బిడ్డ సోలిపోవుచున్నచో గంజి కాచుచు కూర్చుండరాదు. త్రాగించుచునే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

జూబిలీహిల్సు దిగి అమీర్‌పేట వైపు వచ్చినచో బల్కంపేట ఎల్లమ్మ గుడి కలదు. అమ్మవారి విగ్రహము నేలమట్టమునకు దిగువన బావిలో వెలసియుండుట అచ్చటి విశేషము. ఆ బావినీరు రోగహరమని భక్తుల విశ్వాసము. ఆ ప్రాంతమునందే ప్రకృతి చికిత్సాలయమును కలదు. అచ్చటను నీరే మందు, మన్నే మందు. తొట్టిస్నానములు, పొట్టపై తడిమట్టి పట్టీలు, ఉపవాసము, పచ్చికూరలు. ఒకరిది భక్తి, ఒకరిది సిద్ధాంతము. ఇరువురును నీటినే నమ్ముకొన్నారు.

ఆ సిద్ధాంతము మనకు జర్మనీనుండి తెలుగులో వచ్చినదనుట చాలమందికి తెలియదు. లైప్‌జిగ్ నగరమున లూయీ కూనే అనునతడు సర్వరోగములకును మూలము ఒక్కటే యనియు, శరీరములో చేరిన మలిన పదార్థమే యదియనియు చెప్పి, తొట్టిస్నానములతో చికిత్స చేయుచుండెను. అతని గ్రంథమును ద్రోణంరాజు వెంకటచలపతిశర్మగారు 1894లో తెనిగించిరి. మన దేశములో ప్రకృతిచికిత్సోద్యమమునకు ఆ తెలుగు అనువాదమే నాందియని ఆ శాఖవారు చెప్పుకొందురు. హిందీ, ఉర్దూ అనువాదములు 1904లో గాని రాలేదు. జర్మను పుస్తకమును తెలుగువాడు అంత త్వరగా తన దానిగా చేసికొనుటకు కారణము లేకపోలేదు. ఉపవాసము, పథ్యము, తలస్నానము మనకు క్రొత్తవి కావు. లంఖణము పరమౌషధమను మాట ప్రతి ముసలమ్మకును తెలియును. ఆ పుస్తకములో మనవారు తమ ఏకాదశిని చూచుకొనిరి. రోగములన్నింటికి మూలము ఒక్కటేయను కూనే మాటను మాత్రము వైద్యశాస్త్రము నిలువనీయలేదు. గత్తరకు ఒక మూలము, చలిజ్వరమునకు వేరొక మూలము. 1897 ఆగస్టు 20న ఇదే బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొన్నప్పుడు, సికిందరాబాదు జ్వరమునకు తొట్టిస్నానము ఎందుకు చాలదో తేలిపోయినది.

మహాత్మాగాంధీ కూనే పుస్తకమును, అడాల్ఫ్ జుస్ట్ అను మరియొక జర్మనుని పుస్తకమును దక్షిణాఫ్రికాలో చదివి, మలబద్ధకమునకు మంటిపట్టీ వేసికొని చూచినట్లు ఆత్మకథలో వ్రాసికొనిరి. అంతకుముందు వారు సీమ ఫలలవణము త్రాగెడివారట! 1945 నవంబరు 18న అఖిలభారత ప్రకృతిచికిత్సా సంస్థకు వారు అధ్యక్షులైరి. 1946లో పూనా సమీపమున ఉరుళీకాంచనులో ఆశ్రమము పెట్టిరి. ఆ నవంబరు 18నే 2018నుండి ప్రకృతిచికిత్సా దినముగా జరుపుచున్నారు. అది తరచుగా దీపావళి తరువాత కొద్ది దినములకే వచ్చుట మిఠాయి తిన్నవారికి అనుకూలముగానే యున్నది.

ఇంటి వైద్యమునకును ప్రయోగశాలకును నడుమ గోడ కట్టువారికి మేము ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును చూపుదుము. వారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరులిద్దరు కొలది దినముల యెడమున సంగ్రహణి రోగమువలన మరణించిరి. ఆ రోగమే తనకును సోకినపుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావుగారు కోలుకొనిరి. లక్ష్మీపతిగారు ఆంగ్లవైద్యమున పట్టభద్రులై ఆయుర్వేదమునకు వచ్చినవారు. వారు నడపిన మదరాసు ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావుగారు శరీరనిర్మాణ శాస్త్రమును బోధించి, పిమ్మట అమెరికా పోయిరి. 1941లో టెక్సాసు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరనుండి చిటికెడంత పదార్థమును తీసి, ఆకునుండి వచ్చినది గనుక దానికి ఫోలికామ్లమని పేరు పెట్టిరి. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే సంస్థవారు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను మ్రింగిన సంగ్రహణికి అది మందైనది. గర్భిణుల రక్తహీనతలో ఒక విధమునకును మందైనది. మందు ఆకులోనే యుండెను. అది ఏదో, ఎంతయో తెలియుటకు ప్రయోగశాల కావలసివచ్చెను. అన్నట్లు, ఆ పదార్థము ఎక్కువసేపు ఉడికించిన పోవును. తోటకూరను పులుసులో గంటసేపు మరగించు వంటవారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇక పళ్లెములోనికి వత్తము. మన పండుగల తినుబండములను మాసముల వరుసలో చూచినచో ఒక తీరు కనబడును. ఉగాదికి వేపపూవు. తొలి ఏకాదశికి ఉపవాసము, పేలాలపిండి. వినాయకచవితికి ఉండ్రాళ్ళు, కుడుములు. నూనె తాకని ఆవిరి వంటలు. నాగులచవితికి నువ్వుల చిమ్మిలి, చలిమిడి. నాడు పొయ్యి వెలిగింపని ఇండ్లు కలవు. కార్తికమున సోమవారపు ఉపవాసము, ఉసిరిచెట్టు క్రింద భోజనము. ఉసిరికాయలో సి విటమిను నారింజకంటె ఎన్నో రెట్లు అధికము. సంక్రాంతికి నువ్వులు, బెల్లము. తెలంగాణమున నువ్వులద్దిన సజ్జరొట్టె, వాము కలిపిన సకినాలు. వేయించినది ఉన్నచోట వాము ఉన్నది. బరువైన దినమునకు ముందో వెనుకనో ఒక ఉపవాసము ఉన్నది.

ఈ తిండి ఎవరి కొరకు ఏర్పడినదో గూడ చూడవలెను. ఏడాది పొడవునను జొన్న సంకటి, జొన్న రొట్టె మాత్రమే తినిన దక్కను పేదలలో పెల్లాగ్రా యను చర్మవ్యాధి కనబడెడిది. చర్మము నల్లబారి పొలుసులూడుట, విరేచనములు, మతిచాంచల్యము దాని లక్షణములు. 1958లో కూనూరునుండి హైదరాబాదు తార్నాకకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో దీనిని జొన్నతో ముడిపెట్టి చూపిరి. ప్రకృతి యిచ్చిన ధాన్యమే యైనను ఒక్కదానినే నమ్ముకొన్న దేహము నిలువదు. అట్టి ఇంటికి పండుగనాటి పప్పు, నువ్వులు, పాలు, నేయి, కొబ్బరి అనునవి రుచి మాత్రమే కాదు. ఏడాది కొరతలో కొంత తీర్చు మందు. ప్రతిదినమును పప్పును పాలును నేయియు తినగల జూబిలీహిల్సు ఇంటికి ఆ పళ్లెమే అపథ్యము. పండుగ మారలేదు, తినువాడు మారెను.

బతుకమ్మ 9 దినముల నైవేద్యములలో ఈ సంగతి మిక్కిలి చక్కగా కనబడును. ఎంగిలిపూల బతుకమ్మనాడు నువ్వులు. పిదప అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ; ఆనాడు నైవేద్యమే లేదు. తొమ్మిది దినముల ఉత్సవము నడుమ ఒక ఖాళీ పళ్లెము! మా కది ఎంతో ముచ్చటైన ఏర్పాటుగా తోచును. ఏడవనాడు వేపకాయల బతుకమ్మ. వేపకాయలు నివేదింతురనుకొనరాదు, బియ్యపుపిండిని వేపకాయల రూపమున చేసి నూనెలో వేయింతురు. ఆ మార్పు ఎప్పుడు జరిగినదో గాని, రూపము మిగిలినది, చేదు పోయినది. ఎనిమిదవనాడు నువ్వులు, నేయి, బెల్లముతో వెన్నముద్దలు. కడపటనాడు పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వుల సద్దులు. ఆ ఆరవనాటి ఖాళీ పళ్లెమును నేడు ఎన్ని ఇండ్లు పాటించుచున్నవి? మిఠాయి దుకాణములకు అలిగిన బతుకమ్మ సెలవు లేదు.

తీపి ఇంత చౌకయగుటకు ఒక సంవత్సరము పేరు చెప్పవచ్చును. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆ సంవత్సరమే బొంబాయినుండి డాల్డా డబ్బా బజారునకు వచ్చినది. గానుగ నూవులనూనె, ఇంటి నేయి, బెల్లము ఏడాదికి కొన్నిమార్లే కూడుకొని వచ్చు కాలము అంతటితో ముగియుట మొదలయ్యెను. బోధను కర్మాగారము 2015లో మూతపడినను చక్కెర తగ్గలేదు. డాల్డావంటి గట్టిపరచిన నూనెలలోని చెడ్డ క్రొవ్వు గుండెకు హానియని తేలిన పిమ్మట, 2022నుండి దానిని నూటికి 2కు మించనీయరాదని మన ఆహార ప్రమాణముల సంస్థ శాసించినది. చక్కెరకు మారుగా బెల్లమన్నచో మధుమేహము రాదను మాట మాత్రము తప్పు. బెల్లములో ఇనుము మొదలగునవి కొంచెము ఉన్నను, రక్తములో అదియు చక్కెరయే.

మధుమేహము మాట వచ్చినది గనుక ఇంకొంచెము నిలిచి చెప్పవలెను. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశోధన ననుసరించి మన దేశములో మధుమేహులు 10 కోట్లకు పైబడిరి. ఇంచుమించుగా ప్రతి పండుగ పంక్తిలోను ఒకరు కూర్చుండియుందురు. పండుగ దినములలో వారికి రెండు ప్రమాదములు. మొదటిది బంధువుల ఆప్యాయత, అది తెలిసినదే. రెండవది వారి సొంత సాహసము. కాకరరసమో, తంగేడుపూల కషాయమో త్రాగుచున్నాము గదాయని మాత్ర మానివేయుదురు. ఇన్సులిను మానినచో ప్రాణమునకే ముప్పు. మరికొందరు మాత్ర వేసికొనియే కార్తిక సోమవారము పొద్దుపోవువరకు ఉపవసింతురు. అప్పుడు చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, తల తిరిగి గుడిమెట్లమీదనే కూలిపోవుట కలదు. రంజాను ఉపవాసములకు ముందుగా వైద్యుని అడిగి మాత్రల వేళలు మార్చుకొను అలవాటు నగరములోని ముసల్మాను కుటుంబములు పలువురిలో ఉన్నది. ఏకాదశికిని సోమవారమునకును మనము అట్లే చేయుటలో భక్తికి లోపమేమియు లేదు. లంఖణము పరమౌషధమే, ఔషధమన్నప్పుడు దానికిని మోతాదు ఉండవలెను.

ప్రకృతిసిద్ధమైనదెల్ల సాధువని నమ్మువారు వినాయకుని పత్రిని ఒక్కసారి పరిశీలింపవలెను. ఆ 21 ఆకులలో తులసి, మారేడు, దానిమ్మ, గరికతోపాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నవి. ఉమ్మెత్త మతి పోగొట్టును. గన్నేరు గుండెను నిలిపివేయును. జిల్లేడుపాలు కంటిలో పడిన చూపునకే హాని. పెద్దలు ఈ ఆకులను పూజకు తెమ్మనిరిగాని పొడిచేసి మ్రింగుమనలేదు. పత్రి కోయుట పిల్లలకు చెట్లను గుర్తించు పాఠము. ఏది తినదగినదో, ఏది తాకి చేతులు కడుగుకొనవలసినదో తెలియజెప్పు పాఠము. సంతలో కట్టలు కొని తెచ్చుకొను నేటి ఇంటిలో ఆ పాఠము లేదు. 2020లో కరోనా మహమ్మారివలన బోనములను ఎవరి ఇంటిలో వారే జరుపుకొనవలసివచ్చినపుడు, గత్తరనాటి వేపమండవలెనే తిప్పతీగ చేతికి వచ్చినది. శొంఠి, మిరియాలు, తులసి కషాయము గొంతునకు హాయి కూర్చినవి. అందుకు మేమును సాక్షులమే. తిప్పతీగరసము నెలల తరబడి త్రాగిన కొందరిలో కాలేయము చెడుటను బొంబాయి వైద్యులు 2021లో ప్రకటించిరి. తప్పు తీగదా, మరియొక తీగ కలియుటదా అని వాదము నడచినది. ఏదైనను, కామెర వచ్చినవానికి ఆ వాదముతో ఒరిగినదేమి?

మరల ఫిలింనగరునకు వత్తము. పండుగ విడుదలకు నాలుగు రాత్రులు మేలుకొన్నవానికి ఏ కషాయమును నిద్రకు మారు కాదు. నిద్ర చెడిన దేహమునకు తీపియు నూనెయు మరింత ఇష్టమగునని పరిశోధకులు చెప్పుచున్నారు. రాత్రిపని చేయువారికి ఆ సంగతి అనుభవమే. ఉదయము కాసు బ్రహ్మానందరెడ్డి వనములో నడచువారిని మేము చూచుచుందుము. దసరా మరునాడు అచ్చట జనము రెట్టింపగును, వారమునకు పలుచబడును. ఆ వనములో ఇప్పటికిని సీతాఫలపు చెట్లు, వేపచెట్లు కలవు. చైత్రమున వేపపూవు రాలును. ఉగాది పచ్చడికి చిటికెడు చాలును. మిగిలిన పూవును ఊడ్చి పారవేయక, దులిపి నీడను ఎండబెట్టి సీసాలో పోసికొను ఇల్లాండ్రు ఇంకను ఉన్నారు. అది ఏడాది నిలుచును. పండుగ మరునాడు నేతిలో నాలుగు మిరియాలు, ఆ పూవు చిటికెడు దోరగా వేయించి, పలుచని చింతపండు రసములో వేసి ఒక్క పొంగు రానిచ్చి దింపుదురు. వేడి అన్నములోనికి ఆ వేపపూవు చారు, అప్పడమైనను లేకుండ.